ట్రెమలో కీస్విచ్ వేస్తే పిజికాటో వస్తోంది, మూడు రోజులుగా పిచ్చెక్కుతోంది, కాస్త చూడండి

గోదారిగట్టు · రాత్రి 11:48
అందరికీ నమస్తే. ఇక అడగక తప్పేట్టు లేదు. ఫ్రెండ్ తీసిన షార్ట్ ఫిల్మ్‌కి నేపథ్య సంగీతం చేస్తున్నాను, పదకొండు నిమిషాల సినిమా, అందులో క్లైమాక్స్ ముక్క ఒక రెండున్నర నిమిషాలు. సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్, అందులో కాంటాక్ట్ ప్లగిన్, దాంట్లో ఒక స్ట్రింగ్స్ లైబ్రరీ, అంటే రికార్డు చేసిన తీగ వాయిద్యాల శాంపిళ్లు (పేరు చెప్పను, తప్పు దానిదో నాదో ఇంకా తేలలేదు). వయొలిన్లకి కీస్విచ్‌లు (తాము మోగకుండా వాయించే పద్ధతిని, అంటే ఆర్టిక్యులేషన్‌ని మార్చే కింది కీలు) సి0 దగ్గర మొదలవుతాయి, ఎర్ర రంగులో కనిపిస్తాయి. ఇప్పుడు అమ్మ తలుపు తీసే షాట్ దగ్గర ట్రెమలోతో వణుకుతూ పైకి లేవాలి. ట్రెమలో కీ వేశాను. వచ్చిందేమిటంటే పిజికాటో, వేలితో తీగ మీటే శబ్దం! అమ్మ తలుపు తీస్తుంటే వెనకాల టక్ టక్ టక్ అని కార్టూన్ సినిమా. పోనీ ఎప్పుడూ ఇలాగే అవుతుందా అంటే కాదు, స్పికాటో (విల్లు ఎగరేసి వాయించే పొట్టి నోట్లు) వేస్తే సరిగ్గా స్పికాటోనే వస్తుంది. పైగా మధ్యలోంచి ప్లే చేస్తే ఒకలా, మొదటినుంచి ప్లే చేస్తే ఇంకోలా ఉంటోంది. లైబ్రరీ రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, నా నెట్ స్పీడుకి ఒక్కో డౌన్‌లోడు ఒక రాత్రి. ముక్క చివర్లో దిగే లైను కూడా ఎందుకో తేలిపోయినట్టుంది కానీ అది వేరే సంగతి, ముందు ఈ కీస్విచ్ గొడవ తీరితే చాలు.

రాత్రిషిఫ్ట్ · రాత్రి 11:57
ఆక్టేవ్ పేర్ల గొడవ అయి ఉంటుంది. మిడి నోట్ 60ని కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అంటాయి, కొన్ని సి4 అంటాయి, ఎఫ్ఎల్ స్టూడియో అయితే సి5 అంటుంది. మాన్యువల్‌లో సి0 అని ఉంటే మీ పియానో రోల్‌లో (నోట్లు గీసే గళ్లలో) అది సి0 అవ్వాలని లేదు.

గోదారిగట్టు · రాత్రి 11:59
అది నాకూ డౌటొచ్చింది అన్నా. ఏబుల్టన్‌లోనూ కాంటాక్ట్‌లోనూ 60 అంటే సి3నే కదా, రెండూ ఒకటే. పైగా ఆక్టేవ్ తేడా వస్తే అసలేమీ మారకూడదు. నాకు మారుతోంది, తప్పుగా మారుతోంది.

రాత్రిషిఫ్ట్ · రాత్రి 12:03
ఓకే, ఆ పాయింట్ కరెక్టే. వెనక్కి తీసుకుంటున్నా.

గల్లీబీట్స్ · రాత్రి 12:10
అన్నా, కీస్విచ్ నోటు, అసలు నోటు రెండూ ఒకే గీత మీద పెట్టినవా? నేను మొదట్ల గదే తప్పు చేసిన. రెండూ ఒకే క్షణంల పోతే ఏది ముందు చేరుతదో గ్యారంటీ లేదు. నోటు ముందు చేరితే అది పాత ఆర్టిక్యులేషన్‌లనే మోగుతది, తర్వాత నోటు నుంచి మారుతది. కీస్విచ్‌ను నోటు కన్నా కొంచెం ముందుకు జరుపు, 120 టెంపోల 1/64 అంటే 30 మిల్లీసెకన్ల చిల్లర, అంత చాలు. ఇంకోటి, మొత్తం సెలెక్ట్ చేసి క్వాంటైజ్ కొట్టినవనుకో, జరిపినవన్నీ మళ్ల గీత మీదికే వస్తయ్, చూస్కో. హ్యూమనైజ్ (టైమింగ్‌ను కావాలని అటిటు జరిపేది) కొడితే ఇంకా ఘోరం, కొన్ని కీస్విచ్‌లు నోటు వెనకకు పోతయ్.

గోదారిగట్టు · రాత్రి 12:31
జరిపి చూశాను తమ్ముడూ. ఒక రెండు చోట్ల మొదటి నోటు తప్పు పలికేది, అది పోయింది, థాంక్స్. కానీ ట్రెమలో ఇంకా పిజికాటోనే.

ఫేడర్_బాబాయ్ · రాత్రి 12:40
మధ్యలోంచి ప్లే చేస్తే మారిపోవడం వేరే జబ్బు, దాన్ని దీనితో కలపకు. నీ కీస్విచ్ నోట్లు ఎంత పొడవున్నాయి? చిన్న చిన్న చుక్కల్లా పెట్టి ఉంటావు. నువ్వు 40వ బార్ నుంచి ప్లే కొట్టావనుకో, 33వ బార్‌లో పెట్టిన చుక్కని లైబ్రరీ ఎప్పుడు వింటుంది? వినదు. చివరగా ఏ ఆర్టిక్యులేషన్‌లో ఉందో దాంట్లోనే కూర్చుంటుంది. ఏబుల్టన్‌లో ఆప్షన్స్ మెనూలో చేజ్ మిడి నోట్స్ అని ఉంటుంది, అది ఆన్‌లో ఉన్నా సరే, ప్లే కొట్టిన చోట ఇంకా నడుస్తున్న నోటునే అది పట్టుకుంటుంది, అయిపోయిన నోటుని పట్టుకోదు. కాబట్టి ప్రతి కీస్విచ్‌నీ తర్వాతి కీస్విచ్ వచ్చేదాకా సాగదీయి. మళ్లీ రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూడు, కొన్ని లైబ్రరీల్లో రెండు కలిపి పట్టుకుంటే రెండూ కలిపి మోగుతాయి. ఇంకొన్నిట్లో కీ పట్టుకున్నంతసేపే ఆ ఆర్టిక్యులేషన్, వదిలితే పాతదానికి వెళ్లిపోతుంది, అలాంటివాటికైతే సాగదీయడం తప్పనిసరి.

డల్లాస్_మృదంగం · రాత్రి 12:52
ఇక్కడ మధ్యాహ్నం, లంచ్ బ్రేక్‌లో చూస్తున్నా. నా ఓటు ఛానెల్‌కి. కాంటాక్ట్‌లో ఒకే రాక్‌లో వయొలిన్లు, వయోలాలు, చెలోలు పెట్టి అన్నిటికీ మిడి ఛానెల్ ఆమ్నీ (ఏ ఛానెల్‌లో వచ్చినా వినడం) అని వదిలేస్తే ఒక ట్రాక్ కీస్విచ్ అందరికీ పోతుంది. చెలోకి పిజికాటో పంపితే వయొలిన్లు కూడా పిజికాటోలోకి వెళ్లి కూర్చుంటాయి. నాకు ఇలాగే ఒక పెళ్లి వీడియోకి చేస్తుంటే జీలకర్ర బెల్లం టైములో ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా టిక్కు టిక్కు మంది.

గోదారిగట్టు · రాత్రి 12:58
హహ. లేదండి, ఒక్కో ట్రాక్‌కి ఒక్కో కాంటాక్ట్, ఒక్కో ఇన్‌స్ట్రుమెంట్. ర్యామ్ తింటోంది కానీ నాకు ఇలాగే తేలిక.
బాబాయ్ గారూ, సాగదీశాను. మధ్యలోంచి ప్లే చేసినా ఇప్పుడు ఒకేలా వస్తోంది. అంటే ఇప్పుడు ఎక్కడినుంచి కొట్టినా కచ్చితంగా, ప్రతిసారీ, తప్పుగానే వస్తోంది :(

ఫేడర్_బాబాయ్ · రాత్రి 1:04
అది మంచిదే. ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పుని పట్టుకోవచ్చు, అప్పుడప్పుడూ వచ్చేదాన్ని పట్టుకోవడమే కష్టం. ట్రెమలో శాంపిళ్లు లోడ్ అయ్యాయా? ర్యామ్ కోసం పర్జ్ చేసి (మెమరీలోంచి తీసేసి) ఉంటే ఆ ఆర్టిక్యులేషన్ సైలెంట్‌గా ఉంటుంది. ఇంకోటి, మాడ్ వీల్ కింద ఉందేమో చూడు. చాలా లైబ్రరీల్లో పొట్టి నోట్లకి బలం వెలాసిటీ (కీ ఎంత గట్టిగా కొట్టావో) నుంచి వస్తుంది, పొడుగు నోట్లకీ ట్రెమలోకీ సీసీ1 (మాడ్ వీల్ పంపే మిడి కంట్రోల్ సంకేతం) నుంచి వస్తుంది. స్పికాటో నుంచి ట్రెమలోకి మారినప్పుడు సీసీ1 సున్నా దగ్గర ఉంటే ట్రెమలో ఉన్నట్టే తెలియదు, మారలేదనుకుని జుట్టు పీక్కుంటారు.

రాత్రిషిఫ్ట్ · రాత్రి 1:06
కానీ ఆయనకి సైలెన్స్ కాదు కదా, పిజికాటో వినిపిస్తోంది.

ఫేడర్_బాబాయ్ · రాత్రి 1:07
అవును, నిద్రమత్తు. రేపు చూద్దాం. పడుకునే ముందు ఒక పని చెయ్యి నాయనా, ఏ కీకి మాన్యువల్ ఏం చెప్తోంది, నీకు నిజంగా ఏం వస్తోంది, మొత్తం రాసి పెట్టు. ట్రెమలో ఒక్కటే చెప్తే ఎలా.

నాలుగు_తీగలు · ఉదయం 6:20
పొద్దున్నే ఇది చదివి నవ్వుకున్నాను, ఏమనుకోకండి. నేను వయొలిన్ వాయిస్తాను, చెన్నైలో సెషన్లకి వెళ్తుంటాను, మీ కీస్విచ్‌ల బాధ మాకు ఇంకో వైపునుంచి తెలుసు. ఒకసారి ఒక అరేంజర్ మిడి ఫైల్‌ని అలాగే నొటేషన్‌లోకి మార్చి ప్రింట్ ఇచ్చేశారు. స్టాండ్ మీద పేపరు చూస్తే స్టేవ్ కింద నిచ్చెన వేసినట్టు గీతలే గీతలు, ఆ చివర ఒక నోటు. వయొలిన్‌లో జి తీగ కంటే కిందికి ఏముంది వాయించడానికి? మేమంతా మొహమొహాలు చూసుకున్నాం. తర్వాత తెలిసింది అవి కీస్విచ్‌లని. దయచేసి ప్రింట్ తీసేముందు వాటిని తీసెయ్యండి. అరగంట స్టూడియో టైము దానికే పోయింది.

గల్లీబీట్స్ · ఉదయం 7:02
అక్కా 😂😂 గా అరేంజర్ నేను కాదు గానీ నేను ఇంకోటి చేసిన. వయొలిన్ మిడి మొత్తం డబుల్ బేస్ ట్రాక్‌లకు కాపీ కొట్టిన, బేస్ కూడా అదే లైన్ వాయిస్తదని. కానీ బేస్‌ల కింది నోట్లు అసలు నోట్లే కదా, దానికి కీస్విచ్‌లు వేరే చోట ఉంటయ్. వయొలిన్ కీస్విచ్‌లన్నీ అక్కడ నిజంగనే మోగినయ్. మారిన ప్రతిసారీ కిందకెళ్లి గుర్ర్ర్ అని ఒకటి. రెండు రోజులు నా సబ్‌వూఫర్ పోయిందనుకున్న.

డల్లాస్_మృదంగం · ఉదయం 7:15
ట్రాన్స్‌పోజ్ కూడా అంతే. సింగర్‌కి శ్రుతి అందలేదని మొత్తం రెండు సెమీటోన్లు కిందికి దించితే కీస్విచ్‌లు కూడా రెండు మెట్లు దిగిపోతాయి. కీస్విచ్‌లని వదిలి మిగతావే సెలెక్ట్ చేయాలి. ఇవన్నీ పడలేకే నేను ఒక్కో ఆర్టిక్యులేషన్‌కి ఒక్కో ట్రాక్ పెట్టుకుంటాను. వయొలిన్లకే ఆరు ట్రాకులు. ఎవరు నవ్వినా సరే.

రాత్రిషిఫ్ట్ · ఉదయం 7:40
ఆరు ట్రాకులైతే ఒక ఫ్రేజ్‌లో లెగాటో (నోట్లు కలిపి వాయించేది) నుంచి స్పికాటోకి వెళ్లిన ప్రతిసారీ ట్రాక్ మారాలి, మొత్తం లైను ఒకచోట కనపడదు. నాకది చిరాకు. క్యూబేస్‌లో 2009 నుంచే ఎక్స్‌ప్రెషన్ మ్యాప్‌లున్నాయి, లాజిక్‌కి 2018లో 10.4తో ఆర్టిక్యులేషన్ సెట్లు వచ్చాయి, స్టూడియో వన్‌లో సౌండ్ వేరియేషన్స్, రీపర్ వాడేవాళ్లకి రియాటిక్యులేట్ అని ఉచితంగా దొరుకుతుంది. వీటన్నిట్లోనూ నోటు మీదో, కింద వేరే లేన్‌లోనో ఇది ట్రెమలో అని గుర్తు పెడితే అసలు కీస్విచ్‌ని సాఫ్ట్‌వేరే సరైన టైముకి పంపుతుంది. ట్రాన్స్‌పోజ్ చేసినా ఏమీ కాదు, వయొలిన్ అక్క పేపర్ మీద నిచ్చెనలూ రావు. ఏబుల్టన్‌లో అలాంటిది సొంతంగా లేదు, అదొక్కటే.
లైబ్రరీ ఒప్పుకుంటే నోట్లకి బదులు సీసీతో కూడా మార్చుకోవచ్చు. లైబ్రరీలు చేసే స్పిట్‌ఫైర్ వాళ్ల యూఏసీసీ పద్ధతి సీసీ32 వాడుతుంది. అదైతే ట్రాన్స్‌పోజ్‌కి దొరకదు. కానీ మిడి ప్రమాణం ప్రకారం 32 బ్యాంక్ సెలెక్ట్‌కి చెందిన నంబరు, అక్కడక్కడా చిక్కులొస్తాయి.

ఫేడర్_బాబాయ్ · ఉదయం 8:10
కీస్విచ్‌లో నాకు నచ్చేది ఎడమ చేతితో మారుస్తూ కుడి చేతితో వాయించుకుంటూ పోవచ్చు, గుర్తులు పెట్టుకుంటూ కూర్చుంటే వాయించినట్టుండదు. ఎవరి అలవాటు వాళ్లది. కానీ లెగాటో ఆలస్యం ఉన్న లైబ్రరీలతో జాగ్రత్త. సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్‌లో నెమ్మది లెగాటోకి 333 మిల్లీసెకన్లు, మధ్యస్థానికి 250, వేగానికి 100 ఆలస్యం ఉంటుంది, దానికోసం నోట్లని ముందుకి లాగుతాం. లాగేటప్పుడు కీస్విచ్‌లని వదిలేస్తే నోటు ముందు, కీస్విచ్ వెనక. మళ్లీ మొదటికొస్తాం.
గోదారీ, లిస్టు ఏది?

గోదారిగట్టు · ఉదయం 9:25
సారీ బాబాయ్ గారూ, ఇప్పుడే లేచాను. ఇదిగో. సి వేస్తే లాంగ్ రావాలి, లాంగే వస్తోంది. సి షార్ప్ లెగాటో అవ్వాలి, కానీ లాంగ్ వస్తోంది (రాత్రి దాకా ఇది గమనించనే లేదు, కార్డ్స్‌లో రెండిటికీ తేడా తెలియలేదు). డి స్పికాటో, కరెక్ట్. డి షార్ప్ స్టకాటో అవ్వాలి, స్పికాటో వస్తోంది. ఇ పిజికాటో, కరెక్ట్. ఎఫ్ ట్రెమలో, దాని కథ తెలిసిందే. ఎఫ్ షార్ప్ సెమీటోన్ ట్రిల్ అవ్వాలి, పూర్తి టోన్ ట్రిల్ వస్తోంది. జి పూర్తి టోన్ ట్రిల్, కరెక్ట్. జి షార్ప్ హార్మోనిక్స్ అవ్వాలి, మార్కాటో వస్తోంది. ఎ మార్కాటో, కరెక్ట్. ఆ పైన కీస్విచ్‌లు లేవు.
ఇంకో వింత కూడా. కాంటాక్ట్ విండోలో కింద ఉండే కీబోర్డు మీద మౌస్‌తో ఎఫ్ నొక్కితే నిక్షేపంగా ట్రెమలో వస్తోంది!! పియానో రోల్ నుంచి పంపితేనే పిజికాటో.

రాత్రిషిఫ్ట్ · ఉదయం 9:31
అయితే లైబ్రరీ తప్పు కాదు. రోల్‌కీ కాంటాక్ట్‌కీ మధ్యలో ఏదో ఉంది. ఎఫ్ ప్లే అవుతున్నప్పుడు కాంటాక్ట్ కీబోర్డులో ఏ కీ దిగుతోందో చూడండి.

నాలుగు_తీగలు · ఉదయం 9:38
నాకు మీ సాఫ్ట్‌వేర్ సంగతులు తెలియవు, తప్పయితే వదిలేయండి. మీకు సరిగ్గా పలికినవి సి, డి, ఇ, జి, ఎ. సి ని షడ్జమం అనుకుంటే స రి గ ప ద. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. మిగతా మెట్లన్నీ పక్క స్వరంలోకి జారిపోతున్నాయి. ఇది మోహనం కదండీ. మీ వయొలిన్లకి ఎవరో మోహన రాగం నేర్పేశారు.

రాత్రిషిఫ్ట్ · ఉదయం 9:40
అక్కా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

గల్లీబీట్స్ · ఉదయం 9:41
వామ్మో

గోదారిగట్టు · ఉదయం 9:55
అక్కా, నమస్కారం. దండం. ఏం చెప్పను.
ఎఫ్ వేస్తే కాంటాక్ట్‌లో ఇ దిగుతోంది. రోల్‌లో చూస్తే ఎఫ్, అక్కడ చూస్తే ఇ. ట్రాక్ కింద డివైస్‌ల వరుసలో ఎడమ చివరికి వెళ్లి చూస్తే స్కేల్ డివైస్, మడిచేసి సన్నటి పట్టీలా ఉంది. పెట్టింది నేనే. రెండు వారాల క్రితం ఫ్లూట్ ట్రాక్ చేస్తూ, నాకు కీబోర్డు సరిగ్గా రాదు కాబట్టి ఎక్కడ వేలు పడినా మోహనంలోనే పలికేట్టు పన్నెండు గళ్లూ నేనే కూర్చుని సర్దాను. ఆ తర్వాత అదే ట్రాక్‌ని డూప్లికేట్ చేసి ఫ్లూట్ తీసేసి కాంటాక్ట్ పెట్టాను. స్కేల్ అలాగే ఉండిపోయింది. పాట కూడా మోహనమే కాబట్టి వయొలిన్ లైన్లలో ఏ తేడా వినపడలేదు, కీస్విచ్‌లకొచ్చేసరికి దొరికిపోయాను.

ఫేడర్_బాబాయ్ · ఉదయం 10:12
లైబ్రరీ రెండుసార్లు డౌన్‌లోడ్ చేసిన రాత్రులు ఎవరిస్తారు నాయనా నీకు.
అమ్మాయ్, నలభై ఏళ్లుగా ఈ వైర్ల మధ్య ఉన్నాను, నాకు తట్టలేదు.

డల్లాస్_మృదంగం · ఉదయం 10:20
నిద్రపోవాల్సిన టైమ్ దాటిపోయింది ఇక్కడ, కానీ ఇది చదవకుండా ఎలా. చూడబోతే ఇది ఏబుల్టన్‌లోనే కాదు, కొన్ని కీబోర్డుల్లో స్కేల్ మోడ్ బటన్ కూడా ఇదే పని చేస్తుంది. అదైతే రోల్‌లోనే తప్పు నోటు రికార్డవుతుంది కాబట్టి తొందరగా తెలుస్తుంది. కార్డ్ ప్లగిన్లు, ఆర్పెజియేటర్లు ముందు పెట్టినా అంతే, కీస్విచ్‌ని కూడా వాయించాల్సిన నోటు అనుకుని తినేస్తాయి.

రాత్రిషిఫ్ట్ · ఉదయం 10:26
స్కేల్ డివైస్ మొత్తం తీసేయక్కర్లేదు. దాంట్లో లోయెస్ట్, రేంజ్ అని రెండు ఉన్నాయి. లోయెస్ట్‌ని జి2కి పెట్టండి, వయొలిన్ కింది తీగ అదే, మిడి నోట్ 55. రేంజ్‌ని పైదాకా పెంచండి. దాని కిందున్న నోట్లని అది ముట్టుకోదు, కీస్విచ్‌లు అలాగే వెళ్లిపోతాయి.

కొత్తగా_వచ్చా · ఉదయం 10:50
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను ఎఫ్ఎల్ స్టూడియో. కాంటాక్ట్ లైబ్రరీ మాన్యువల్‌లో సి0 అని ఉంది, నేను సి0లో పెడితే ఏమీ జరగట్లేదు. పైన రాత్రిషిఫ్ట్ గారు చెప్పింది నాకేనా?

రాత్రిషిఫ్ట్ · ఉదయం 10:53
మీకే. కాంటాక్ట్ సి0 అంటే మిడి నోట్ 24. ఎఫ్ఎల్‌లో 24 అంటే సి2. రెండు ఆక్టేవ్‌లు పైకి జరపండి. రీపర్‌లో మామూలుగా అయితే సి1. పేరు కాదు, నంబరు గుర్తుపెట్టుకోండి. మొదటి జవాబు ఎవరికో ఒకరికి పనికొచ్చింది, సంతోషం.

కొత్తగా_వచ్చా · ఉదయం 10:58
వచ్చింది!!! నెల రోజుల నుంచి లాంగ్ ఒక్కదానితోనే పాటలు చేస్తున్నానండి.

గోదారిగట్టు · మధ్యాహ్నం 1:30
లోయెస్ట్ జి2 పెట్టాను, కీస్విచ్‌లు అన్నీ సరిగ్గా మారుతున్నాయి. అమ్మ తలుపు తీసింది, ట్రెమలో వణికింది, నాకే గుండె దడ.
కానీ ఇంకోటి బయటపడింది, నాలుగు తీగలు అక్కకి చెప్పాలి. మొదటి పోస్టులో చివరి లైను తేలిపోయిందన్నాను చూడండి. నేను అక్కడ మోహనంలో ఎక్కి బిలహరిలో దిగాలనుకున్నాను, రెండిటికీ ఆరోహణ ఒకటే కదా అని. స ని ద ప మ గ రి స అని వేశాను. కానీ విన్న ప్రతిసారీ అది మోహనంలాగే చప్పగా ఉండేది. బిలహరి ఎందుకు రావట్లేదో అర్థం కాక, నా చెవిలోనే లోపమేమో, చిన్నప్పుడు రెండేళ్లకే సంగీతం మానేయడం వల్లేనేమో అనుకుని ఊరుకున్నా. ఇప్పుడు స్కేల్ పూర్తిగా తీసేసి విన్నాను. అక్కా, ని వేసిన చోట స, మ వేసిన చోట గ పలికేవి ఇన్నాళ్లూ.

నాలుగు_తీగలు · మధ్యాహ్నం 1:52
అంటే స స ద ప గ గ రి స విన్నారన్నమాట రెండు వారాలు. మీ చెవికేమీ కాలేదు, అది సరిగ్గానే చెప్పింది. ఆ లైను నాకు పంపండి, కీస్విచ్‌లు తీసేసి. సాయంత్రం ఖాళీ, ఒక్క వయొలిన్ పైన వేసి పంపిస్తాను.